స్ట్రాస్‌బర్గ్ వెళ్లేవాళ్లు జాగ్రత్త: పాత బ్రూవరీ రెస్టారెంట్లో మాకు పడిన బిల్లు

క్రిస్మస్ మార్కెట్ చూద్దామని మొన్న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ వెళ్లాం. కెథడ్రల్ దగ్గర్లో ఓ పాతకాలపు బ్రూవరీ రెస్టారెంట్ కనబడింది. నల్లబడ్డ చెక్క దూలాలు, తళతళలాడే రాగి కాగులు చూసి పడిపోయాం. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఫ్రెంచిలో బ్రాసరీ అంటే అసలు అర్థం బీరు కాచే చోటే. ఇక్కడ ఆ కాగులు ఫొటోలకే, బీరు వేరే కంపెనీది.

"బీర్" అన్నాను. సైజు చెప్పకపోవడం నా తప్పే. లీటరు మగ్గు తెచ్చి పెట్టాడు, 17 యూరోలు. అక్కడ మామూలు గ్లాసు పావు లీటరు, "అన్ దెమీ" అని అడగాలి. దెమీ అంటే సగం, వచ్చేది పావు. అదేం లెక్కో! "వాటర్" అంటే సీసా తెచ్చి, మేం చూసేలోపే మూత తీసేశాడు. ఇంకో 6.50. కుళాయి నీళ్లు జగ్గుతో ఉచితంగా ఇవ్వాలని ఫ్రాన్స్‌లో రూలుంది. "ఉన్ కరాఫ్ దో" అనండి, చాలు.

మా ఆవిడ మాంసం తినదు. ఫ్లామెకుష్ అని పేపర్ దోసెలా పల్చటి రొట్టె, మీద మీగడ, ఉల్లిపాయలు ఉంటాయి. మాంసం వద్దని రెండుసార్లు చెప్పినా పంది మాంసం ముక్కలతోనే వచ్చింది. మార్చమంటే ముక్కలు ఏరేసి మళ్లీ అదే తెచ్చారు! మీగడలో ముక్కలు ఊడిన గుంటలు అలాగే ఉన్నాయి. నేను తెప్పించుకున్న షుక్రూత్ అంటే పులియబెట్టిన క్యాబేజీ వంటకం. దానికి పైన పొగలు, లోపల ఫ్రిజ్ చలి. మెనూలో వంటకం పక్కన, గిన్నె మీద ఇంటి పైకప్పు ఉన్న బొమ్మ ఉంటే అక్కడే వండినట్టు. ఆ బొమ్మ దీని పక్కన లేదని తర్వాత చూశాను.

అసలు కథ బిల్లు దగ్గర. "సర్వీస్ నాట్ ఇన్‌క్లూడెడ్" అంటూ కార్డు మెషిన్ చేతికిచ్చాడు. తెరమీద టిప్పు 10, 15, 20 శాతం. నేను 10 నొక్కబోతుంటే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. మెనూ అడుగున చీమతలంత అక్షరాల్లో "సెర్విస్ కోంప్రి" అని ఉంది, అంటే సర్వీసు కలిపేశారని. ఫ్రాన్స్‌లో మెనూ ధరలోనే టాక్సూ, సర్వీసూ కలిసి ఉంటాయి. టిప్పు మన ఇష్టం. వేలు పెట్టి చూపిస్తే ఒక్క ముక్క మాట్లాడకుండా ఆ తెర తీసేశాడు.

ప్రభుత్వం వాళ్ల సిగ్నల్‌కాంసో సైట్లో ఫిర్యాదు పెట్టాను. సగం మిగిలిన నీళ్ల సీసా మాత్రం హోటల్ రూముకి తెచ్చుకున్నాం. 6.50 మరి!