బాత్రూము పని చేయించుకునేవారికి హెచ్చరిక: నా ధన్యవాదాలే నా మీద సాక్ష్యమయ్యాయి

ఎవరి గురించి రాస్తున్నానో పేరు చెప్పకుండానే మీలో కొందరికి అర్థమవుతుంది. మొదటి రోజు రసమట్టం చేతపట్టుకుని వచ్చి, ప్రతి గోడా కొలిచి, "నా సొంత ఇల్లనుకుని చేస్తాను మేడం" అనే కాంట్రాక్టరు. ఆ మాట నిజమే అయి ఉండవచ్చు. అతని సొంత ఇల్లు ఎలా ఉంటుందో నేను చూడలేదు కదా.

పాత బాత్రూము పగలగొట్టించి కొత్తగా చేయించాం. మూడు వారాలన్న పని ఏడు వారాలైంది, అది వదిలేయండి, దానికి నాకు కోపం లేదు. చివరి రోజున అంతా ధగధగా మెరుస్తుంటే మురిసిపోయి మిగిలిన బాకీ ఆ సాయంత్రమే ఇచ్చేశాను. "ఒకసారి నీళ్లు నిలిపి చూడవే" అని మా అమ్మ అంది. కొత్త టైల్స్ మీద మరకలు పడతాయి, వద్దన్నాను. ఈ వాక్యం రాస్తుంటే నన్ను నేనే రెండు వాయించుకోవాలనిపిస్తోంది.

11వ రోజున పక్క గదిలో గోడ అడుగున రంగు ఉబ్బింది. వేలితో నొక్కితే పెచ్చు ఊడి చేతిలో పడింది. లోపల లప్పం తడిసి ముద్దగా ఉంది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే నాలుగో రోజుకు దయచేశాడు.

అసలు చెప్పాల్సింది ఇక్కడి నుంచే. ఒక బకెట్టు నీళ్లు అతని ఎదుటే పోశాను. నీళ్లు బయటికి పోవాల్సిన జాలీ వైపు పోలేదు, తీరిగ్గా తలుపు మూలకు చేరి అక్కడే నిలిచాయి. నేలకు జాలీ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు (వాటం) ఇవ్వాలని ఇప్పుడు నాకు తెలుసు. అతనికి ఎప్పటినుంచో తెలిసి ఉండాలి. తర్వాత ఒక నాణెం తీసుకుని టైల్స్ మీద కొట్టి చూపించాను. గోడ పక్కన గట్టిగా పలికింది. జాలీ దగ్గరికి వచ్చేసరికి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్ల మోత. వరుసగా ఏడు టైల్స్ అంతే. నేను నేల మీద మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే కొడుతున్నాను, అతను గుమ్మానికి ఆనుకుని ఫోనులో ఏదో వెతుకుతున్నాడు.

"కొత్త పని కదా మేడం, కొన్నాళ్లు నీళ్లు తక్కువ వాడండి, సర్దుకుంటుంది" అన్నాడు. బాత్రూములో నీళ్లు తక్కువ వాడాలట! పక్క గదిలో గాలి తక్కువ పీల్చమనలేదు, నయం.

అంతలో వెతుకుతున్నది దొరికినట్టుంది, ఫోను నా ముఖం ముందు పెట్టాడు. అందులో ఉన్నది నా సందేశమే. 'పని చాలా బాగా వచ్చింది, మీకు మా అందరి ధన్యవాదాలు' అని, పక్కన రెండు నమస్కారం బొమ్మలతో. "ఇది మీరు రాసిందే కదా? బాకీ కూడా ఆ రోజే తీర్చారు. నచ్చకపోతే ఎవరైనా డబ్బు ఇస్తారా? పని అప్పగించేశాను, ఇక నాకు సంబంధం లేదు" అన్నాడు. గొంతు పెంచలేదు, నవ్వుతూనే అన్నాడు. నోట మాట రాక, చేతిలో నాణెంతో అలాగే కూర్చుండిపోయాను. మర్యాద కోసం రాసిన రెండు ముక్కలను రసీదులా దాచుకునే మనుషులుంటారని నాకు ఇంతవరకు తెలియదు.

వెళ్తూ వెళ్తూ, "అంతగా ఉంటే ప్లంబరును అడగండి" అన్నాడు. ప్లంబరేమో పైపులు బాగున్నాయి, టైల్స్ వేసిన మేస్త్రీని అడగమన్నాడు. మేస్త్రీ చెప్పిన సమాధానం, "కాంట్రాక్టరు ఎంత సరుకిస్తే అంతే వేశాను." వీళ్లెవరినీ నేను పిలవలేదు. బేరం కుదుర్చుకున్నదీ, డబ్బు ఇచ్చిందీ ఒక్కడికే. తన కింద పనిచేసినవారి తప్పుకు అతనే జవాబుదారీ. టైల్స్ కింద ఏముందో కనిపించని రోజున నేను బాగుందన్నంత మాత్రాన ఆ బాధ్యత ఎక్కడికీ పోదు.

తర్వాత తెలిసిన ఇంజనీరును పిలిచి, ముందు ఫొటోలు తీయించి, ఒక డొల్ల టైల్ లేపించాం. కింద నాలుగు మూలలా నాలుగు ముద్దలు, నడుమ ఒకటి. మిగతాదంతా ఖాళీ. తడి చోట్ల టైల్ కింద 95 శాతమైనా నిండుగా అంటుకోవాలట. వాటర్‌ప్రూఫింగ్ పూత పేరుకు ఒక్క చేయి వేసి, గోడ మొదట్లోనే ఆపేశారు. గోడ మీదికి అర అడుగైనా ఎక్కించలేదు. టైల్స్, వాటి మధ్య నింపే గ్రౌట్ నీటిని ఆపుతాయని ఇన్నాళ్లూ నమ్మాను. ఆపాల్సింది కింది పూత అట. నా చదువు, నా తెలివి!

ఇప్పుడు తేదీలతో ఫొటోలు, ఇంజనీరు రాసిచ్చిన కాగితం జతచేసి, 15 రోజుల్లో బాగుచేయమని అతనికి లిఖితపూర్వకంగా పంపాను. చదివినట్టు కనిపిస్తోంది, జవాబు లేదు. గడువు తీరేదాకా వేరేవారితో పగలగొట్టించను, ఉన్న సాక్ష్యం పోతుంది.

మీరు పని చేయించుకుంటుంటే, టైల్స్ వేయకముందే జాలీ మూసి, నీళ్లు నింపి, నీటి మట్టం దగ్గర గీత గీసి, అది దిగుతుందేమో 24 గంటలు చూడండి. పని మొత్తం అయ్యాక మళ్లీ చూడండి. మొత్తం బిల్లులో 5 నుంచి 10 శాతం కొన్నాళ్లు ఆపుకుంటామని, లోపాలు బయటపడితే ఫలానా గడువు వరకు అతనిదే బాధ్యతని (12 నెలలు రాసుకోవడం మామూలే) ముందే కాగితం మీద పెట్టించండి. నేను నోటిమాట మీద వదిలేశాను. ధన్యవాదాలు చెప్పాలనిపిస్తే ఆ గడువు దాటాక చెప్పండి.

ఇంకొకటి. పాత పనుల ఫొటోలంటూ అతను చూపించేవాటిలో బూడిదరంగు టైల్స్, నల్ల కుళాయిలు ఉన్న బాత్రూము కనిపిస్తే అది మాదే. అందులో నేల చక్కగా పొడిగా ఉంటుంది. ఆ ఫొటో తీసేనాటికి అక్కడ ఎవరూ నీళ్లు పోయలేదు.