కడపలో గ్రూప్-2 కోచింగ్: జాగ్రఫీ సారు సూపర్, మిగతాది చూసుకోండి

పేరు ఎందుకులే గానీ కడప టౌన్లోనే ఒక సెంటర్లో గ్రూప్-2కి జాయిన్ అయినా, ఎట్లుంది ఎట్లుంది అని శానామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా. జాగ్రఫీ ఒక్కటే అయితే కళ్లు మూసుకుని చేరండి.

మైదానాలు అంటే మనం బట్టీ కొట్టేది ఏముంది, ఖాదర్ కొత్త ఒండ్రు, భాంగర్ పాత ఒండ్రు, అంతేగా. ఈ సారు పెద్ద స్టీల్ ట్రేలో తడి ఇసుక పరిచి, ఒక పక్క కింద ఇటుక పెట్టి లేపి, చెంబుతో సన్నగా నీళ్లు వదిలినాడు. పైన నీళ్లు ఇసుకను కోసుకుంటా దిగినాయి, కింద వాలు తగ్గినచోట మోసుకొచ్చిందంతా విసనకర్ర మాదిరి పరుచుకుంది. ఇంకో ఇటుక పెట్టేసరికి అదే కాలువ ఇంకా లోతుకు పోయింది. "భూమి లేస్తాది, ఏరు కోస్తాది, పల్లం పూడుతాది, ఇంతేరా" అన్నాడు.

అక్కడినుంచి హిమాలయాలకు పోయినాడు. 5 కోట్ల ఏళ్ల కింద మన దేశాన్ని మోసే భూఫలకం (పెద్ద రాతి పలక) పోయి ఆసియాను గుద్దుకుంటే కొండలు లేచినాయి, ఆ బరువుకు ముందున్న నేల కిందికి వంగింది, ఆ పల్లాన్ని గంగ, దాని ఉపనదులు పూడుస్తా వచ్చినాయి, కొన్నిచోట్ల ఒండ్రు కిలోమీటర్ల మందం ఉందంట! కొండలు ఇంకా లేస్తానే ఉన్నాయి కాబట్టి మట్టి రావడం ఆగదు. బీహార్‌లో పారే కోసి నది అయితే తన మేటతో తన అడుగునే ఎత్తు చేసుకుని పక్కకు జారిపోతాది, 200 ఏళ్లలో 100 కిలోమీటర్లకు పైనే పడమరకు జరిగింది, 2008 ఆగస్టులో నేపాల్‌లో కుసహా దగ్గర కట్ట తెగి మళ్లీ తూర్పున పాత దారి పట్టింది.

మన పెన్న సంగతి కూడా వదల్లేదు. గండికోట దగ్గర గట్టి రాయి కాబట్టి నిట్టనిలువుగా కోసింది, మైదానం మాత్రం సోమశిల దాటినాక నెల్లూరోళ్లకు పోయింది (మనకు రాళ్లు, వాళ్లకు వరి!). క్లాసులో కాళ్ల కింద ఉన్న కడప బండ కూడా ఎన్నో కోట్ల ఏళ్ల కింద సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురదేనంట. రాజంపేట సైడు పిల్లోడు లేచి, 2021 నవంబర్లో అన్నమయ్య డ్యామ్ తెగినప్పుడు చెయ్యేటి పక్క పొలాల్లో ఇసుక మేట ఎందుకు వేసింది, ఒండ్రు ఎందుకు రాలేదు అని అడిగితే, వేగం తగ్గగానే బరువు ఇసుక ఏటి పక్కనే పడిపోతాది, సన్న మట్టి దూరం పోతాది అని బోర్డు మీద గీసి చూపిచ్చినాడు. ఇంత ఓపిగ్గా చెప్పేవాళ్లు తక్కువ.

ఇంక సెంటర్ సంగతి. ఒక్కో బ్యాచ్‌లో జనం కిటకిట, వెనక బెంచీకి ట్రే కనపడదు. మెటీరియల్ జిరాక్స్‌కి జిరాక్స్, మ్యాపుల్లో నదులు ఏవో రోడ్లు ఏవో తెలీదు. పాలిటీ క్లాసు అయితే పుస్తకం చదివి వినిపిస్తారు, టెస్టులు చెప్పిన తేదీకి ఎప్పుడూ పెట్టరు.

జాగ్రఫీకి 5కి 5, సెంటర్‌కి 2. ఫీజు ఒకేసారి కట్టొద్దు, సబ్జెక్టు వైజ్ ఇస్తారేమో గట్టిగా అడగండి, ట్రే క్లాసు రోజు మాత్రం తొందరగా పోయి ముందు బెంచీ పట్టుకోండి.