ఉనో స్టార్టర్ కిట్: బోర్డుకి ఎనభై మార్కులు, వైర్లకి ముప్పై

అటల్ టింకరింగ్ ల్యాబ్ (పిల్లలు స్వయంగా పరికరాలు చేసి చూసే ల్యాబ్) మంజూరైన బడికి కేంద్రం 20 లక్షల దాకా ఇస్తుంది. ఆ అదృష్టం లేని హైస్కూలుకి పూర్వ విద్యార్థులో, ఊళ్లో దాతలో కొనిచ్చేది ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఆర్డుయినో ఉనో స్టార్టర్ కిట్టు. ఉనో అంటే కంప్యూటర్లో రాసిన కోడ్ ఎక్కిస్తే లైట్లనీ సెన్సార్లనీ నడిపే చిన్న సర్క్యూట్ బోర్డు. ఈ రివ్యూ ఆ కిట్టు గురించే. శ్రీకాకుళం జిల్లా బడిలో, ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలతో, 45 నిమిషాల పీరియడ్‌లో అది నడుస్తుందా? నడుస్తుంది. కాకపోతే పీరియడ్‌ని మింగేది బోర్డు కాదు, బోర్డుతో పాటు పెట్టెలో పడేసిన వైర్లు, బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చుకునే రంధ్రాల పలక).

ముందు బోర్డు సంగతి. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మొదలైంది. డిజైన్ అందరికీ తెరిచి పెట్టిందే కాబట్టి, కంపెనీ పేరూ లోగో వాడనంతవరకూ, చవక కిట్టులో వచ్చే క్లోన్ (వేరేవాళ్లు చేసిన నకలు) దొంగసరుకేం కాదు. అదే ఏటీమెగా 328పీ చిప్పు, అవే 14 డిజిటల్ పిన్నులు, 6 అనలాగ్ పిన్నులు. తేడా అంతా యూఎస్‌బీ చిప్పులో ఉంది. క్లోన్‌లో ఎక్కువగా సీహెచ్340 ఉంటుంది. పాత విండోస్‌లో దానికి డ్రైవర్ విడిగా వెయ్యాలి, లేకపోతే పోర్టుల జాబితాలో బోర్డు కనపడదు. ఉబుంటు 22.04లో ఇంకో చిక్కుంది. అంధుల కోసం ఉన్న బ్రెయిలీ ప్రోగ్రామ్ బీఆర్ఎల్‌టీటీవై ఈ చిప్పుని తన పరికరమే అనుకుని లాగేసుకుంటుంది. దాన్ని తీసేస్తే సరిపోతుంది, బ్రెయిలీ పరికరం వాడే పిల్లలు ఆ కంప్యూటర్ మీద ఎవరూ లేకపోతేనే సుమా.

ల్యాబ్‌లో 32 బిట్ కంప్యూటర్లుంటే ఐడీఈ (కోడ్ రాసి బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రామ్) కొత్త వెర్షన్ జోలికి పోవద్దు, 1.8.19 చాలు. దాన్నీ, డ్రైవర్నీ, కావలసిన లైబ్రరీల (ముందే రాసిపెట్టిన కోడ్) జిప్ ఫైళ్లనీ ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవాలి. కిట్టుతో వచ్చే యూఎస్‌బీ కేబుల్ జానెడుకి కాస్త ఎక్కువ, అంతే. సీపీయూ బల్ల కింద ఉంటే పైకి అందదు. ఆఫీసు రూములో ప్రింటర్‌కి వాడే కేబుల్ సరిగ్గా ఇదే రకం, తెచ్చి పెట్టుకోవచ్చు.

ఇక అసలు తలనొప్పి. పొడవాటి, 830 రంధ్రాల బ్రెడ్‌బోర్డుల్లో కొన్నిటికి అంచున ఉండే ఎరుపు, నీలం పవర్ లైన్లు మధ్యలో తెగి ఉంటాయి. రంగు గీత కూడా అక్కడ ఆగిపోయి ఉంటుంది గానీ పిల్లలకి అది కంటికి ఆనదు. ఎడమవైపు ఎల్ఈడీ వెలుగుతుంది, కుడివైపుది వెలగదు, కోడ్ తప్పేమోనని అరగంట వెతుకుతారు. ఆ ఖాళీ మీదుగా చిన్న వైరు ముక్క ఒకటి గుచ్చేసి, ఇక ఎప్పటికీ తీయకండి.

జంపర్ వైర్లు మరీ అన్యాయం. చివరి పిన్నుని లోపలి తీగతో నొక్కి కలపడం సరిగ్గా ఉండదు, కొత్త కట్టలోనే కొన్ని చచ్చి వస్తాయి. ఇంకా చెడ్డవి, కదిపితే పనిచేసి వదిలేస్తే ఆగిపోయేవి. మల్టీమీటర్‌ని బజర్ మీద పెట్టి, వైరు రెండు చివర్లూ పట్టుకుని ఊపుతూ చూడాలి. కూత తెగిందంటే ఆ వైరుని అక్కడికక్కడే కత్తిరించి పారెయ్యండి. మళ్లీ పెట్టెలో వేస్తే రేపు ఇంకో గ్రూపు చేతిలో పడుతుంది.

వీటికి బదులు ల్యాన్ కేబుల్ వాడటం మేలు. కేబుల్ టీవీ, నెట్ కనెక్షన్లు వేసేవాళ్ల దగ్గర తుంపు ముక్కలు దొరుకుతాయి. మీటరు కేబుల్లో ఎనిమిది తీగలుంటాయి కాబట్టి 10 సెంటీమీటర్ల ముక్కలు 80 వస్తాయి. రెండు చివర్లా 7, 8 మిల్లీమీటర్లు తొక్క వలిస్తే బ్రెడ్‌బోర్డులోకి బిగుతుగా దిగుతాయి. లోపల ఒంటి రాగి తీగ ఉండాలి. పోగులు పోగులుగా ఉన్న ప్యాచ్ కార్డ్ (రెండు చివర్లా ప్లగ్గులతో వచ్చే రెడీమేడ్ ల్యాన్ కేబుల్) పనికిరాదు, రాగి పూత అల్యూమినియం తీగైతే రెండు వంపులకే విరుగుతుంది. బ్లేడుతో గీకి లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే.

కరెంటుని తగ్గించే రెసిస్టర్ల దగ్గర ఇంకో మోసం, కావాలని చేసింది కాదనుకోండి. బొమ్మల్లో చూపించేవి నాలుగు పట్టీలవి, కిట్టులో వచ్చేవి చాలావరకు నీలం ఒంటి ఐదు పట్టీలవి. 220 ఓమ్ అంటే ఎరుపు, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. 10 కిలో ఓమ్ అంటే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. నీలం మీద ఈ రంగులు సరిగ్గా తెలియవు. 220 బదులు 10 కిలో పెడితే ఎల్ఈడీకి 0.3 మిల్లీ ఆంపియర్లే అందుతుంది, పగటి వెలుతురులో ఆరిపోయినట్టే ఉంటుంది. అదే 220 అయితే 5 వోల్టుల్లో ఎర్ర ఎల్ఈడీ 2 వోల్టులు తీసుకోగా మిగిలిన 3 వోల్టులకి దాదాపు 14 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. పదో తరగతి విద్యుత్తు పాఠంలో ఓమ్ నియమం చెప్పిన మర్నాడే ఈ రెండూ పక్కపక్కన వెలిగించి చూపిస్తే ఇక నల్లబల్ల మీద లెక్క వెయ్యక్కర్లేదు.

బోర్డులు చచ్చేది ఎక్కువగా ఎలాగో తెలుసా? కంపాస్ బాక్సు మీద పెట్టడం వల్ల. బల్ల మీద చోటుండదు, గుంటలు బోర్డుని తీసుకెళ్లి రేకు పెట్టె మూత మీద పెడతారు, అడుగున ఉన్న టంకం మొనలన్నీ ఆ రేకు ద్వారా ఒకదానికొకటి కలిసిపోతాయి. యూఎస్‌బీ మీద నడుస్తుంటే బోర్డు మీది ఫ్యూజు వేడెక్కి ఆపేస్తుంది, తీసి కాసేపు వదిలేస్తే మళ్లీ లేస్తుంది. బయటి బ్యాటరీ మీద ఉంటే ఆ కాపు లేదు. బోర్డునీ బ్రెడ్‌బోర్డునీ ఒకే అట్టముక్క మీద అంటించేస్తే ఈ గొడవా పోతుంది, వైర్లు ఊడటమూ తగ్గుతుంది.

సెన్సార్లలో హెచ్‌సీ ఎస్ఆర్04 పెట్టిన డబ్బుకి న్యాయం చేస్తుంది. శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి 2 సెంటీమీటర్ల నుంచి 4 మీటర్ల దాకా దూరం కొలుస్తుంది. నెట్‌లో దొరికే కోడ్ అంతా ధ్వని వేగాన్ని సెకనుకి 343 మీటర్లని పట్టుకుంటుంది, అది 20 డిగ్రీల లెక్క. మన దగ్గర 35 డిగ్రీల ఎండలో అది 352 దాటుతుంది, మీటరు దూరాన్ని 97 సెంటీమీటర్లే అని చూపిస్తుంది. సెన్సార్ పాడైందని పక్కన పెట్టకండి, ధ్వని పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగం దొరకదు. యూనిఫాం గుడ్డకి ఎదురుగా పెడితే మాత్రం లెక్క తప్పుతుంది, గుడ్డ శబ్దాన్ని పీల్చేస్తుంది. అట్టకో గోడకో పెట్టండి.

తేమ కొలిచే డీహెచ్‌టీ11 మన తీరానికి సరిపోయే వస్తువు కాదు. 20 నుంచి 80 శాతం మధ్యనే దాన్ని నమ్మాలి, అప్పుడు కూడా 5 శాతం అటూ ఇటూ. కళింగపట్నం, భావనపాడు వైపు వర్షాకాలంలో గాలి అంతకంటే తడిగానే ఉంటుంది. ఉష్ణోగ్రతకి వాడుకోండి, 2 డిగ్రీల తేడా ఉంటుందని పిల్లలకి ముందే చెప్పండి.

మట్టి తడి చూసే రెండు కాళ్ల పలక బడి తోటలో గుచ్చితే కొన్నాళ్లకే నల్లబడి పూత ఊడుతుంది. రెండు కాళ్ల మధ్యా ఆగకుండా కరెంటు పారుతుంటే విద్యుద్విశ్లేషణ జరిగి లోహం కరిగిపోతుంది. దాని పాజిటివ్ వైరుని 5 వోల్టుల పిన్నుకి కాకుండా 7వ డిజిటల్ పిన్నుకి ఇచ్చి, కొలిచే ముందు ఆన్ చేసి, కొలవగానే ఆపేసేలా కోడ్ రాస్తే ఎక్కువ కాలం మన్నుతుంది.

ఎస్‌జీ90 సర్వోని (చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు) నేరుగా బోర్డు 5 వోల్టుల మీద నడపవద్దు. చెయ్యి అడ్డం పెడితే చాలు, కరెంటు ఒక్కసారిగా లాగి బోర్డు రీసెట్ అవుతుంది. నాలుగు పెన్‌సెల్స్ విడిగా ఇచ్చి, వాటి నెగటివ్‌ని బోర్డు గ్రౌండ్‌కి కలపాలి. ఈ కలపడం మరిచిపోతే సర్వో వణుకుతూ ఉంటుంది. పెట్టెలో వచ్చే 9 వోల్టుల చదరపు బ్యాటరీ సంగతంటారా, దాన్ని ఇక్కడ వాడొద్దు. ఖాళీగా ఉన్న ఉనోనే 45, 50 మిల్లీ ఆంపియర్లు తాగుతుంది, చవక బ్యాటరీ ఒక పూటకే చేతులెత్తేస్తుంది. పవర్‌బ్యాంక్ నయం గానీ, ఇంత తక్కువ వాడకం చూసి కొన్ని తమంతట తామే ఆగిపోతాయి. కొనేముందు బోర్డు పెట్టి పది నిమిషాలు చూడండి.

ఎన్ని కొనాలంటే, ముగ్గురికి ఒకటి. ఐదుగురికి ఒకటిస్తే ఇద్దరు చూస్తూ కూర్చుంటారు. డబ్బు చాలకపోతే కిట్లు తగ్గించకండి, కిట్టు బదులు బోర్డు, బ్రెడ్‌బోర్డు, 220 ఓమ్ రెసిస్టర్లు, ఎల్ఈడీలు విడివిడిగా కొని, సెన్సార్లు తరగతి మొత్తానికి రెండేసి ఉంచండి. కిట్టులో వచ్చే రిమోట్, కీప్యాడ్ లాంటివి సగం పెట్టెలోంచి బయటికే రావు. ఓ మల్టీమీటర్ మాత్రం తప్పనిసరి, కిట్టులో అది ఉండదు.

ఆరు, ఏడు తరగతులకైతే ఉనో వద్దు, మైక్రోబిట్ అనే బోర్డు కొనండి. ఖరీదు ఎక్కువే, కానీ 25 ఎల్ఈడీలు, రెండు బటన్లు, కదలిక సెన్సార్ బోర్డు మీదే ఉంటాయి, వెర్షన్ 2లో మైకు, స్పీకర్ కూడా. వైరు గుచ్చే పని లేదు, సెమీకోలన్ మరిచిపోయే భయం లేదు, బ్లాకులు జరిపితే కోడ్ అవుతుంది.