విడి మ్యాగజైన్ మోయాలా వద్దా: ఏళ్ల తరబడి నడుముకి కట్టుకుని తిరిగాక నా లెక్క

తుపాకీ వెంట ఉంచుకునే పర్మిట్ కొత్తగా చేతికొచ్చినప్పుడు అందరూ అడిగేది ఏ పిస్టల్ కొనాలనే. కొన్నాళ్లు రోజూ మోశాక ఆ ప్రశ్న వెనక్కి పోయి ఇంకోటి ముందుకొస్తుంది: తూటాలు ఎన్ని ఉంటే చాలు? పిస్టల్‌లో ఉన్నవి సరిపోతాయా, విడి మ్యాగజైన్ (తూటాలు నింపి పిస్టల్ పిడిలోకి తోసే డబ్బా) ఒకటి కావాలా, రెండా? అమెరికాలో తుపాకీ మోసేవాళ్లు నలుగురు కలిస్తే దీనిమీద ఐదు అభిప్రాయాలు వస్తాయి. నావి కూడా కాలక్రమంలో మారాయి.

నేను మోసినవి వరసగా ఇవి: ఐదు గుళ్ల చిన్న రివాల్వర్, ఆరు తూటాలు పట్టే సన్నని 9ఎంఎం పిస్టల్, పదిహేను పట్టే మధ్యస్థ సైజుది, ఇప్పుడు పది పట్టే చిన్నది. చివరి రెండింటితో విడి మ్యాగజైన్ కూడా. నా తుపాకుల కంపెనీల పేర్లు చెప్పను, ఎందుకంటే నేను సమీక్షిస్తున్నది తుపాకీని కాదు, దానితో పాటు మోసిన బరువుని.

ముందు ఆ బరువు సంగతే. 124 గ్రెయిన్ల (తూటా ముక్కు బరువుని కొలిచే లెక్క ఇది) 9ఎంఎం తూటాలో ముందుండే సీసం ముక్క ఒక్కటే 8 గ్రాములు. ఇత్తడి తొడుగు, మందు అన్నీ కలిపితే దాదాపు 12 గ్రాములు. పదిహేను తూటాలంటే 180 గ్రాములు, మ్యాగజైన్ డబ్బా బరువు కూడా వేస్తే పావుకిలో. గ్లాక్ 19 లాంటి పదిహేను తూటాల పిస్టల్‌ని నిండా నింపితే 850 గ్రాముల చుట్టూ తూగుతుంది. ఆ సైజుది ఒకటి, దానికో విడి మ్యాగజైన్ పెట్టుకుంటే నడుముకి కిలో పైన వేలాడుతున్నట్టే. వినడానికి ఏముందిలే అనిపిస్తుంది. మామూలు తోలు బెల్టు మీద కట్టుకుని సాయంత్రం దాకా తిరిగితే తెలుస్తుంది. ప్యాంటు ఒకపక్కకి జారుతుంది, కుర్చీలో కూర్చుంటే మ్యాగజైన్ అంచు పక్కటెముకల కింద గుచ్చుకుంటుంది, కారెక్కితే సీటు బెల్టు సరిగ్గా దానిమీదే పడుతుంది. తుపాకీ కోసమే చేసే గట్టి బెల్టు కొన్నాక సగం బాధ తగ్గింది. విడి మ్యాగజైన్‌కి పెట్టే డబ్బు ముందు ఆ బెల్టుకి పెట్టండి.

పదిహేను తూటాల కాలంలో నేను గమనించింది ఒకటుంది. తూటాలు పెరిగేకొద్దీ తుపాకీ ఇంట్లో ఉండిపోయే రోజులు పెరిగాయి. పది నిమిషాల్లో వచ్చేస్తానుగా, ఈ పూటకి ఎందుకులే అనిపించేది. ముప్పై తూటాలు బీరువాలో పెట్టి పాలకి వెళ్లినవాడి దగ్గర ఉన్నది సున్నా. ఐదు గుళ్ల రివాల్వర్ రోజుల్లో ఈ ఇబ్బంది లేదు. అల్యూమినియం ఫ్రేముది, బరువు నాలుగు వందల గ్రాముల చిల్లర, జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలిసేది కాదు. కాకపోతే ఐదూ అయిపోతే మళ్లీ నింపడం పెద్ద పని. రబ్బరు పట్టీలో గుచ్చిన తూటాలను రెండేసి చొప్పున సిలిండర్‌లోకి దించాలి, చేతులు చెమట పట్టి ఉంటే ఇంకా కష్టం. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ఎవరూ తొందరపెట్టకుండా చేస్తేనే నాకు చాలా సేపు పట్టేది. అందుకే రివాల్వర్ మోసేవాళ్లు ఆ పట్టీని ధైర్యానికి పెట్టుకోవచ్చు గానీ, ఐదే ఉన్నాయనుకుని ఉండటం మంచిది.

ఈ తూకం ఇప్పుడు కొంత తేలికపడింది. 2015లో గ్లాక్ 43 వచ్చినప్పుడు చిన్న పిస్టల్ అంటే మ్యాగజైన్‌లో ఆరు, పేలడానికి సిద్ధంగా గొట్టం వెనక ఉండే చాంబర్‌లో ఒకటి. 2018లో సిగ్ సావర్ పీ365 ఇంచుమించు అంతే సైజులో పది, పైన ఒకటి పట్టించింది. కిటుకంతా మ్యాగజైన్‌లో ఉంది: కింద తూటాలు రెండు వరసలుగా అటూఇటూ పేర్చుకుని, పైకొచ్చేసరికి ఒకే వరసలోకి సర్దుకుంటాయి. తర్వాత మిగతా కంపెనీలూ ఆ దారిలోకి వచ్చాయి. ఆరుతో తృప్తిపడాలా, పదిహేను మోయాలా అని తన్నుకోవాల్సిన అవసరం దాంతో చాలావరకు పోయింది. నేను చివరికి పది దగ్గర ఆగింది కూడా అందుకే.

ఇక అసలు ఎన్ని కావాలి అనే దానికి జనం ఎక్కువగా పోలీసుల సంఘటనలు చూపిస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా వినిపించేది 1986 ఏప్రిల్ 11 నాటి మయామీ కాల్పులు. ఎనిమిది మంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు దొంగలను ఆపబోతే, ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చాలామంది దగ్గర ఉన్నవి రివాల్వర్లు. గాయపడ్డ చేతితో వాటిని మళ్లీ నింపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది, ఆ తర్వాత ఎఫ్‌బీఐ పిస్టళ్ల వైపు మళ్లింది. అది గొప్ప పాఠమే, కానీ నాది కాదు. పోలీసు దొంగ వెనక పరుగెత్తాలి, అది ఆయన ఉద్యోగం. నేను వెనక్కి తిరిగి పరుగెత్తాలి. దొరికిన దారిన బయటపడడానికి కావాల్సిన తూటాలు వేరు, చివరిదాకా నిలబడి పోరాడటానికి కావాల్సినవి వేరు.

నాకు ఎక్కువ పనికొచ్చింది డెన్నిస్ ట్యూలర్ లెక్క. సాల్ట్ లేక్ సిటీ పోలీసు శిక్షకుడిగా ఉన్న ఆయన 1983లో రాసింది ఏమిటంటే, కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని ఒకటిన్నర సెకన్లలో దాటేస్తాడని. రేంజ్‌లో టైమర్ పెట్టుకుని చూసుకున్నాను. చొక్కా కింద నుంచి విడి మ్యాగజైన్ తీసి, ఖాళీదాన్ని వదిలేసి, కొత్తది ఎక్కించి, మళ్లీ గురి పెట్టేసరికి మూడు సెకన్లకి తగ్గించడం నా వల్ల కాలేదు. అది కూడా కాగితం బొమ్మ ముందు, నిలకడగా నిలబడి. దగ్గర్లోంచి మీద పడేవాడి ముందు ఆ మూడు సెకన్లు ఎవరిస్తారు? అంటే మొదటి గొడవ తేలేది పిస్టల్‌లో అప్పటికే ఉన్న తూటాలతోనే. అందుకే అంకె పెంచుకోవాలంటే పిస్టల్ లోపల పెంచుకోండి, జేబులో కాదు.

మరి ఇదంతా చెప్పి నేను విడి మ్యాగజైన్ ఎందుకు మోస్తున్నాను? తూటాలు చాలవని కాదు, మ్యాగజైన్ చెడిపోతుందని. పిస్టల్ మొత్తంలో అన్నిటికన్నా బలహీనమైన భాగం అదే. పల్చటి రేకు డబ్బా, లోపల ఒక స్ప్రింగు, దానిమీద తూటాలను పైకి నెట్టే ప్లాస్టిక్ ముక్క, కింద మూత. కాంక్రీటు మీద నాలుగు సార్లు పడితే పైన తూటాను పట్టి ఉంచే రేకు అంచులు వెంట్రుక వాసి వంగుతాయి. కంటికి ఏమీ తేడా కనిపించదు. కానీ తూటా ముక్కు లేవాల్సిన దానికన్నా కొంచెం ఎక్కువ లేచి చాంబర్ అంచుకి తగులుకుంటుంది.

నాకు రేంజ్‌లో అలాంటిదే జరిగింది. పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే స్లైడ్ సగంలో ఆగిపోయింది. వంగి చూస్తే చాంబర్‌లో ఒక తూటా అప్పటికే కూర్చుని ఉంది, దాని వీపుకి ఇంకో తూటా ముక్కు ఆనుకుని ఇరుక్కుంది. కింద కొట్టి స్లైడ్ లాగడం లాంటి మామూలు చిట్కాకి ఇది లొంగదు. స్లైడ్‌ని వెనక్కి లాక్ చేసి, మ్యాగజైన్‌ని బలంగా పీకి, స్లైడ్‌ని రెండు మూడు సార్లు ఆడించి, మళ్లీ మ్యాగజైన్ పెట్టాలి. అంత కష్టపడి బయటికి లాగిన, తప్పు చేసిన ఆ మ్యాగజైన్‌నే తిరిగి పెట్టడం తెలివైన పనేనా? ఇంకోటి ఉంటే అది నేల మీద పడేసి కొత్తది పెడతాం. విడిది మోయడానికి నాకు ఇంతకన్నా బలమైన కారణం దొరకలేదు.

ఇంకో చిన్న సంగతి. ఒకసారి ఇంటికొచ్చి పిస్టల్ తీస్తే మ్యాగజైన్ అరంగుళం కిందికి జారి ఉంది. కారులో సీటు బెల్టు బకిల్ మ్యాగజైన్ వదిలే బటన్ మీద నొక్కుకుని ఉంటుంది. ఆ స్థితిలో ట్రిగ్గర్ నొక్కితే చాంబర్‌లో ఉన్న ఒక్కటి పేలి ఊరుకునేది. అప్పటినుంచి కారు దిగగానే చొక్కా మీంచే అరచేత్తో మ్యాగజైన్ కింద ఒకసారి నొక్కి చూసుకోవడం అలవాటైంది.

ఆ విడిది ఎక్కడ పెట్టుకోవాలి అన్న దాంట్లో బెల్టు పౌచే మేలు. చెయ్యి వెళ్లగానే దొరుకుతుంది. తూటాల ముక్కులు ముందుకి ఉండేలా పెట్టుకుంటే, తీసేటప్పుడు చూపుడు వేలు తిన్నగా మొదటి తూటా ముక్కుకి తగులుతుంది, ఆ వేలు చూపినవైపే మ్యాగజైన్ పిస్టల్‌లోకి పోతుంది. కాకపోతే పల్చటి చొక్కాకి పౌచ్ ఉబ్బుగా తెలుస్తుంది. అలాంటి రోజుల్లో ఎడమ ముందు జేబులో, గట్టి ప్లాస్టిక్ తొడుగులో నిలువుగా పెట్టుకుంటాను. ఆ జేబులో ఇంకేమీ ఉండకూడదు, తాళాలు కూడా. తొడుగు లేకుండా ఊరికే జేబులో వేసుకుంటే అది అడ్డం తిరుగుతుంది, పైగా జేబులోని నూలు పోగంతా పై తూటా చుట్టూ చేరుతుంది. నాలుగు వారాల తర్వాత తీసి చూడండి, రేకు అంచులకీ తూటాకీ మధ్య బూడిదరంగు దూది కూరినట్టు ఉంటుంది. కారు గ్లవ్ బాక్సులో పెట్టుకునే పద్ధతికి నేను సున్నా మార్కులే వేస్తాను. ఎండకి వేడెక్కడం, దొంగల భయం అటుంచి, నేను దుకాణంలో ఉన్నప్పుడు అది పార్కింగ్‌లో ఉండి ఏం లాభం?

మోసే తూటాలకి కూడా వయసుంటుందని చాలామంది పట్టించుకోరు. రాత్రి ఇంటికొచ్చి పిస్టల్ ఖాళీ చేసి, పొద్దున్నే అదే తూటాని మళ్లీ చాంబర్‌లోకి ఎక్కించే అలవాటు ఉంటే, ఆ తూటాని కొత్తదాని పక్కన బల్ల మీద నిలబెట్టి చూడండి. ప్రతిసారీ ముక్కుకి తగిలే దెబ్బకి సీసం ముక్క కొద్దికొద్దిగా ఇత్తడి తొడుగులోకి దిగిపోతుంది. పక్కపక్కన పెడితే పొట్టిగా అయిపోయినట్టు తేడా తెలుస్తుంది. అలాంటిది పేలితే లోపల ఒత్తిడి ఉండాల్సిన దానికన్నా పెరుగుతుంది, అది తుపాకీకీ చేతికీ మంచిది కాదు. నేను ఆ తూటాని రెండు మూడు సార్లకి మించి మళ్లీ ఎక్కించను. పొట్టిదైనట్టు అనుమానం వస్తే వాడకుండా పక్కన పడేస్తాను. చెమటకి ఇత్తడి నల్లబడినవి కూడా రేంజ్‌లో కాల్చేసి కొత్తవి నింపుతాను. మ్యాగజైన్ స్ప్రింగ్ విషయంలో మాత్రం భయపడనక్కర్లేదు. నింపి ఉంచినంత మాత్రాన అది పాడవదు, పదేపదే నింపి ఖాళీ చేస్తే అరుగుతుంది. కాబట్టి సాధన మ్యాగజైన్లు వేరు, మోసేవి వేరు పెట్టుకోండి. మోసేవాటికి కింద పెయింటు చుక్క పెట్టుకుంటే కలిసిపోవు.

ఎక్కువ తూటాలు ఉంటే ఎక్కువ ధైర్యం అనేవాళ్లకి ఒక్క మాట. శిక్షణ ఉన్న పోలీసులకే నిజమైన కాల్పుల్లో సగానికి పైగా గురి తప్పుతాయి, ఇది పోలీసు శాఖల సొంత నివేదికలు చూస్తే తెలిసే విషయమే. దీన్ని చూపించి కాబట్టి ఇంకా ఎక్కువ కావాలి అంటారు కొందరు. నిజమే, రెండు తగలడానికి ఐదు కాల్చాల్సి రావచ్చు. మిగతా మూడు ఎక్కడికి పోయాయన్నది కూడా నా లెక్కే కదా. అవి ఎవరి గోడలో, ఎవరి ఒంట్లో ఆగినా కోర్టులో జవాబు చెప్పుకోవాల్సింది నేనే. నా ఖాళీ సమయం, తూటాల డబ్బు ఇప్పుడు ఎక్కువగా రేంజ్‌కి పోతున్నాయి, రెండో విడి మ్యాగజైన్‌కి కాదు.

చట్టం సంగతి మర్చిపోకూడదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీల్లో మ్యాగజైన్‌కి పది తూటాలే పరిమితి, కొలరాడోలో పదిహేను. న్యూజెర్సీలో హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉండే) తూటాలు బయట మోయడం మీద కూడా ఆంక్షలున్నాయి. ఒక రాష్ట్రపు పర్మిట్ పక్క రాష్ట్రంలో చెల్లకపోవచ్చు కూడా. నా దగ్గర చిటికెన వేలుకి పట్టు దొరికేలా కొంచెం పొడవైన పన్నెండు తూటాల మ్యాగజైన్ ఒకటుంది, విడిదిగా ఉండేది అదే. రాష్ట్రం దాటే ప్రయాణమైతే అది ఇంట్లోనే, బదులు పదిది. ఈ నిబంధనలు కోర్టుల్లో అటూఇటూ అవుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ప్రతిసారీ చూసుకుంటాను.

ఇప్పుడు నా మామూలు రోజు మోత ఇది: పిస్టల్‌లో పది, చాంబర్‌లో ఒకటి, ఎడమవైపు పన్నెండుది ఒక విడి మ్యాగజైన్. ఎండాకాలంలో, దగ్గర్లోకే వెళ్లేటప్పుడు విడిది వదిలేస్తాను, దాని గురించి మనసులో పీకులాట ఏమీ లేదు. పిస్టల్ మాత్రం వదలను. మా ఆవిడకి కూడా పర్మిట్ ఉంది. నేను వదిలేసిన ఐదు గుళ్ల రివాల్వర్ ఆమెదైంది, విడిగా ఒక్క తూటా కూడా పెట్టుకోదు. ఒకరోజు నేను పౌచ్, బెల్టు, మ్యాగజైన్ అన్నీ సర్దుకుంటుంటే గుమ్మం దగ్గర నిలబడి, "ఏవండీ, మీరు మోసేది తూటాలు కాదు, టెన్షన్" అంది. నేనేమీ అనలేదు. ఆమె రేంజ్‌కి నాకన్నా క్రమం తప్పకుండా వెళ్తుంది, ఏడు గజాల్లో ఆమె ఐదూ అరచేతి వెడల్పులో పడతాయి.

పది తూటాల చిన్న పిస్టల్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ తగ్గించిన అర చిన్న పిడి వల్ల వచ్చే ఎదురు దెబ్బకి. విడి మ్యాగజైన్‌కి నాలుగు. రెండో విడి మ్యాగజైన్‌కి ఒకటిన్నర. ఇంకా తేల్చుకోనిది ఒక్కటే మిగిలింది, చలికాలం కోటు. పొడవాటి కోటు మీదేసుకుంటే పౌచ్ కనిపించదు, కానీ జిప్పు తీసి చెయ్యి లోపలికి పోయేసరికి టైమర్ మీద ఇంకో సెకను పెరుగుతోంది. ఈసారి కోటు బయటి జేబులోనే తొడుగు కుట్టించి చూద్దామనుకుంటున్నాను.