అమ్మానాన్నలతో గ్రాండ్ కాన్యన్ ట్రిప్పు: ఆర్వీ మేలా, మినీవ్యాన్ మేలా?

ఏటా మే నెల వచ్చిందంటే డాలస్‌లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇదే ప్రశ్న. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చారు, పిల్లలకు సెలవులు ఇచ్చేశారు, లాస్ వేగస్‌లో దిగి యూటాలో జయాన్, బ్రైస్ పార్కులు, అరిజోనాలో పేజ్, గ్రాండ్ కాన్యన్ చుట్టేసి మళ్లీ వేగస్‌లో ఫ్లైట్ ఎక్కుదామనుకుంటున్నాం, హోటళ్ల గొడవ లేకుండా ఆర్వీ, అంటే ఇల్లులాంటి బండి, అద్దెకు తీసుకుంటే ఎలా ఉంటుంది అని. నలుగురు "సూపర్, ఒక్కసారైనా వెళ్లాలి" అంటారు, ఇద్దరు "ఖర్చు ఎక్కువండీ" అంటారు, అక్కడితో మాటలు అయిపోతాయి. బండి నడుస్తున్నంతసేపు వెనక కూర్చున్నవాళ్ల పరిస్థితి ఏమిటి, జరగకూడనిది జరిగితే ఏ ఇన్సూరెన్సు ఎంతవరకు కడుతుంది అని ఎవరూ అడగరు. 2023లో మేం వెళ్లేటప్పుడు నేనూ అడగలేదు. ఆ ట్రిప్పులో కొంత, తిరిగొచ్చాక కాగితాలు ముందు పెట్టుకుని చదివితే ఇంకొంత తెలిసింది, అదంతా ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తిరగడానికి మినీవ్యాన్, పడుకోవడానికి వంటగది ఉన్న ఇల్లో, ఒకచోట కదలకుండా నిలబెట్టిన ఆర్వీనో. ఆరుగురిని ఎక్కించుకుని కొండదారుల్లో ఆర్వీ తోలడం, అదీ మొదటిసారి తోలేవాళ్లు, అదీ డెబ్బై దాటినవాళ్లను పెట్టుకుని, వద్దనే అంటాను.

ఆర్వీ మీద మనవాళ్లకు మోజు ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది. మా మామయ్యగారికి షుగర్, గంటన్నరకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. అత్తయ్యగారు బయట ఏం తినాలన్నా అందులో ఏం కలిపారోనని అనుమానపడతారు. ఆర్వీలో బాత్రూమ్ ఉంటుంది, స్టవ్ ఉంటుంది, ఫ్రిజ్ ఉంటుంది, రైస్ కుక్కర్ పెట్టుకుని పప్పుచారు, ఆవకాయ వేసుకుని బ్రైస్ కొండల ముందు కూర్చుని తింటుంటే ఆ తృప్తే వేరు. ఆ పూట ఇప్పటికీ మా ఇంట్లో తలుచుకుంటాం. కాబట్టి ఆర్వీ దండగ అని కొట్టిపారేయడం లేదు. ఆ సుఖమంతా బండి ఆగినప్పటిది. బండి కదిలితే లెక్క మారిపోతుంది.

మేం తీసుకున్నది క్లాస్ సి, అంటే ముందు వ్యాన్ ముఖం, డ్రైవర్ నెత్తిమీద ఒక పడక, వెనక పెట్టెలాంటి ఇల్లు. పొడవు 30 అడుగులు. అమెరికాలో 26,000 పౌండ్ల లోపు బండికి చాలా రాష్ట్రాల్లో మామూలు కారు లైసెన్సు సరిపోతుంది, కాబట్టి ఏ పరీక్షా లేకుండా తాళాలు చేతికిచ్చేశారు. ఇరవై నిమిషాలు చూపించారు, అందులో పదిహేను నిమిషాలు మురుగు ట్యాంకు ఎలా ఖాళీ చేయాలో చెప్పడానికే పోయింది. కొండ దిగేటప్పుడు ఏ గేరులో ఉండాలో ఒక్క మాట చెప్పలేదు, నాకూ అడగాలని తోచలేదు.

వేగస్ నుంచి ఐ-15 మీద వెళ్తుంటే అరిజోనా మూలలో వర్జిన్ రివర్ లోయ వస్తుంది, రెండు పక్కలా నిలువు రాళ్లు, మధ్యలో మెలికలు తిరుగుతూ రోడ్డు. అక్కడే మామయ్యగారు బాత్రూమ్‌కని లేచారు. అద్దంలో చూసి "మామయ్యగారూ, కూర్చోండి, కూర్చోండి" అంటూనే ఉన్నాను. ఒక ట్రక్కు పక్కనుంచి దాటింది, ఆ గాలికి బండి ఒక్కసారి పక్కకు తోసినట్టయింది, నేను స్టీరింగ్ సర్దాను. అంతే, బ్రేక్ కూడా గట్టిగా వేయలేదు. ఆయన వెళ్లి స్టవ్ పక్కనున్న గట్టు అంచుకి పక్కటెముకలు తగిలేలా పడ్డారు, పై అర తెరుచుకుని స్టీలు డబ్బాలు ఆయన భుజం మీద పడ్డాయి, ప్రెషర్ కుక్కర్ దొర్లుకుంటూ మా చిన్నవాడి కాళ్ల దాకా వచ్చింది. ఎముక విరగలేదు, కమిలిపోయింది. ఆయన నవ్వుతూనే "ఏం కాలేదు బాబూ, నువ్వు రోడ్డు చూడు" అన్నారు కానీ ఆ వారమంతా నిద్రలో పక్కకు తిరిగితే మూలగడం మాకు వినిపిస్తూనే ఉంది. ఢీకొనడం కాదు, పల్టీ కొట్టడం కాదు, మామూలు గాలికే ఇది. 65 మైళ్ల వేగంలో ఎవరినైనా గుద్ది ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఈ రెండు బండ్లకు అసలు తేడా అక్కడే ఉంది. మినీవ్యాన్‌లో ప్రతి సీటూ ఢీకొంటే తట్టుకునేలా కట్టింది, ప్రతి సీటుకీ భుజం మీదుగా వచ్చే బెల్టు, పక్కన ఎయిర్‌బ్యాగులు, వెనక వరుసల్లో పిల్లల సీటు బిగించడానికి కొక్కేలు. ఆర్వీ వెనక భాగంలో డైనింగ్ బల్ల దగ్గరి బెంచీ చాలా బండ్లలో ప్లైవుడ్ పెట్టె మీద వేసిన పరుపు, దానికి నడుం బెల్టు మాత్రమే. 10,000 పౌండ్లు దాటిన మోటర్‌హోమ్‌లకు, అంటే ఇలా తోలుకెళ్లే ఆర్వీలకు, ముందు రెండు సీట్లకు ఉన్న కఠినమైన నిబంధనలు వెనక సీట్లకు లేవు. పక్కకు తిరిగి ఉండే సోఫాలోగానీ వెనక్కి తిరిగి ఉండే బెంచీలోగానీ పిల్లల కారు సీటు బిగించకూడదు. పైగా చుట్టూ ఉన్నదంతా గాజు, చెక్క, మైక్రోవేవ్, గిన్నెలు. ముందు ఇద్దరు భద్రంగా కూర్చుంటే, మనం ప్రాణంగా చూసుకునే నలుగురు వెనక ఉంటారు.

బరువు సంగతి. ఫోర్డ్ ఈ-450 చాసిస్ మీద కట్టిన క్లాస్ సి నిండా ఎక్కిస్తే 14,500 పౌండ్ల దాకా వస్తుంది, మినీవ్యాన్‌కి దాదాపు మూడింతలు. ఆగడానికి దూరం ఎక్కువ పడుతుంది, దిగుడులో బ్రేకు తొక్కుతూనే ఉంటే వేడెక్కి పట్టు తప్పుతాయి, అందుకే గేరు తగ్గించి ఇంజన్‌తోనే వేగం పట్టి ఉంచాలి. ఇక బండి తిప్పినప్పుడు వెనక చక్రాల తర్వాత ఉండే పది అడుగుల తోక అవతలి పక్కకు ఊగుతుంది, పెట్రోలు బంకులో పంపు స్తంభాలకు గీరుకునేది అదే.

దారి కూడా అన్నిచోట్లా రానివ్వదు. జయాన్ నుంచి బ్రైస్‌కి దగ్గర దారిలో 1930లో తెరిచిన 1.1 మైళ్ల సొరంగం ఉంది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తుగానీ 7 అడుగుల 10 అంగుళాల వెడల్పుగానీ ఉన్న బండి వస్తే ఎదుటి ట్రాఫిక్ ఆపి మధ్యలోంచి పంపేవాళ్లు, మేమూ 15 డాలర్ల పర్మిట్ కట్టి అలాగే వెళ్లాం. 2026 జూన్ 7 నుంచి అలాంటి పెద్ద బండ్లను అటు పంపబోమని పార్కు ప్రకటించింది, అంటే చుట్టు తిరిగి పోవాలి. మోంటానాలో గ్లేసియర్ పార్కుకి వెళ్లేవాళ్లకూ ఇదే, గోయింగ్-టు-ది-సన్ రోడ్డు మీద పై భాగానికి 21 అడుగులు దాటిన బండిని రానివ్వరు. చూడాలని వెళ్లింది ఆ రోడ్డే కదా.

డబ్బు దగ్గరికి వద్దాం, ఇది తొందరగా తేలిపోతుంది. ఈ చుట్టు మొత్తం లోపలి తిరుగుళ్లతో కలిపి ఓ 900 మైళ్లు. ఆర్వీ గ్యాలన్‌కి 9 మైళ్లు ఇస్తే 100 గ్యాలన్లు, టొయోటా మినీవ్యాన్ సియెన్నా హైబ్రిడ్ 36 ఇస్తుంది కాబట్టి 25 గ్యాలన్లు. ఆర్వీకి రాత్రి అద్దె కాక మైలేజీ ఛార్జీ, జెనరేటర్ గంటలకు ఛార్జీ, గిన్నెలకు దుప్పట్లకు ఛార్జీ, ఆపుకోవడానికి క్యాంప్‌గ్రౌండ్ అద్దె విడిగా. అన్నీ కలిపితే రెండు మోటల్ గదులు, ఒక మినీవ్యాన్ ఖర్చుకి సమానమో ఎక్కువో అయింది మాకు. హోటల్ ఖర్చు మిగులుతుందని ఆర్వీ తీసుకోవాలనుకుంటే ఆ మాట మరిచిపోండి.

పెద్ద ఖర్చు బిల్లులో కనిపించేది కాదు, ఏదైనా అయితే బయటపడేది. మన కారు ఇన్సూరెన్సు చాలావరకు అద్దె ఆర్వీకి వర్తించదు. క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె బండి కవరేజీలో మోటర్‌హోమ్‌లను సాధారణంగా పక్కన పెట్టేస్తారు. ఎక్స్‌ట్రా డబ్బు కట్టి తీసుకున్న డ్యామేజీ కవరేజీలో కూడా పైకప్పుకి, బండి అడుగుకి దెబ్బ తగిలితే మాకు సంబంధం లేదని రాసి ఉండటం మామూలే, కొత్తవాళ్లు తగిలించేది మాత్రం చెట్టుకొమ్మకీ తక్కువ ఎత్తు కప్పుకీ. ఇవన్నీ బండికి. ఎదుటివాళ్లకు దెబ్బ తగిలితే? మా కాంట్రాక్టులో లయబిలిటీ రాష్ట్రం పెట్టిన కనీసం వరకే ఉంది. ఆ కనీసం ఎంతో తెలియాలంటే టెక్సస్‌నే చూడండి, ఒక మనిషికి 30,000 డాలర్లు, మొత్తం ప్రమాదానికి 60,000, ఆస్తి నష్టానికి 25,000. గట్టి దెబ్బలైతే అమెరికా ఆసుపత్రి బిల్లుకి అది చాలకపోవచ్చు, మిగతాది మన మీదికే వస్తుంది.

ఇక పెద్దవాళ్ల విజిటర్ ఇన్సూరెన్సు. చవగ్గా ఉందని ఫిక్స్‌డ్ ప్లాన్ తీసుకుంటాం, అది ఒక్కో చికిత్సకు ఇంత అని లెక్కగట్టి ఇస్తుంది, మిగతాది మనమే కట్టుకోవాలి. కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకున్నా వయసు పెరిగేకొద్దీ పరిమితి తగ్గిపోతుంది. బ్రైస్ దగ్గర గట్టి దెబ్బ తగిలితే పెద్ద ట్రామా సెంటర్‌కి, అంటే తీవ్ర గాయాలకు చికిత్స చేసే ఆసుపత్రికి, చేర్చాలంటే హెలికాప్టరే దిక్కు. 2022లో అమల్లోకి వచ్చిన నో సర్‌ప్రైజెస్ చట్టం ఇక్కడి హెల్త్ ఇన్సూరెన్సు ఉన్నవాళ్లను ఎయిర్ అంబులెన్స్ అనుకోని బిల్లుల నుంచి కాపాడుతుంది, రోడ్డు మీద వచ్చే అంబులెన్స్‌కి అదీ లేదు, విజిటర్ పాలసీతో వచ్చిన అమ్మానాన్నలకు దాని అండ ఉండదు.

బండి తోలిన మనిషే మంచం పడితే? ఎఫ్‌ఎంఎల్‌ఏ అనే సెలవుల చట్టం కింద 12 వారాల సెలవు దొరికినా దానికి జీతం ఉండదు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్ల ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి చూసుకోవాలి, కాలికి కట్టుతో ఇంటర్వ్యూలు. ఒక్కోసారి అర్ధరాత్రి గ్రూపులో విరాళాల లింకు వస్తుంది, ఫలానా చోట యాక్సిడెంట్, మృతదేహాన్ని ఇండియా పంపాలి అని. తలా యాభయ్యో వందో వేస్తాం. ఆ డబ్బు వేసేటప్పుడు నా చెయ్యి వణికింది ఒకటి కాదు రెండుసార్లు. ఇక్కడి రహదారి భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వేసిన లెక్క ప్రకారం 2019లో జరిగిన ప్రమాదాల ఆర్థిక నష్టం 34,000 కోట్ల డాలర్లు, దేశంలో మనిషికి 1,035 డాలర్లు, అందులో దాదాపు నాలుగింట మూడు వంతులు మోసింది ఆ ప్రమాదాలతో సంబంధం లేనివాళ్లు, ప్రీమియంల రూపంలో, పన్నుల రూపంలో, ట్రాఫిక్‌లో పోయిన గంటల రూపంలో. "నా బండి, నా రిస్కు" అనేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతాను.

టూర్ బస్సులో పోతే ఈ బాధలేవీ ఉండవు కదా అంటారు కొందరు. తోలే పని తప్పుతుంది, నిజమే, కానీ బెల్టు పెట్టుకునే పని తప్పదు. 2019 సెప్టెంబర్ 20న బ్రైస్ దగ్గరే 12వ నంబరు రోడ్డు మీద చైనా టూరిస్టుల బస్సు పల్టీ కొట్టి నలుగురు చనిపోయారు. బస్సైనా సరే, అమ్మానాన్నలకు బెల్టు పెట్టి, బిగిసిందో లేదో మీ చేత్తో లాగి చూడండి.

ఆర్వీయే కావాలని ఇంట్లో పట్టుబడితే ఒక మధ్యేమార్గం ఉంది. కొందరు ఓనర్లు మీరు చెప్పిన క్యాంప్‌గ్రౌండ్‌కి బండి తెచ్చి నిలబెట్టి, కరెంటు నీళ్లు కలిపి వెళ్తారు. మీరు మినీవ్యాన్‌లో చేరుకుని పప్పు వండుకుని పడుకోవచ్చు, సూర్యోదయానికి వ్యాన్‌లో వెళ్లొచ్చు. ప్రతి ఊరికీ కుదరదు, రెండు మూడు రోజులు ఒకేచోట ఉండాలి, పెద్దవాళ్లకు అది ఇంకా మంచిదే.

కాదు, తోలుకునే వెళ్తాం అంటే కనీసం ఇవి చూడండి. ముందుకు తిరిగి ఉన్న బెల్టు సీట్లు ఎన్ని ఉంటే అంతమందే ఎక్కండి. టైరు పక్కన డాట్ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగంకెలు ఉంటాయి, 2216 అంటే 2016లో 22వ వారంలో తయారైంది. ఆర్వీ టైరు అరగకముందే ముసలిదైపోతుంది, ఎండలో నిలబడి నిలబడి పక్కలు బీటలు వారతాయి. ట్రిప్పు మూడో రోజు బంకులో ఒక పెద్దాయన వంగి మా వెనక టైరు మీద వేలు పెట్టి చూపిస్తే తెలిసింది, ఆ 2216 మాదే, ఏడేళ్ల టైరు. అక్కడే సగం రోజు ఆగి మార్పించుకున్నాం. రాత్రి ఏసీ కోసం జెనరేటర్ వేసుకుని పడుకోకండి, ఆ పొగలో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, లోపలి అలారం బటన్ నొక్కి మోగుతుందో లేదో బండి తీసుకునేటప్పుడే చూసుకోండి. గాలి గట్టిగా ఉన్న పూట కదలకండి.

ఈసారి మా అమ్మానాన్నలు వస్తున్నారు. సియెన్నా బుక్ చేశాం, యూటాలోని కనాబ్ ఊళ్లో వంటగది ఉన్న ఇల్లు మూడు రాత్రులు, జయాన్, బ్రైస్, పేజ్ అన్నీ అక్కడినుంచే వెళ్లి రావచ్చు. తర్వాత గ్రాండ్ కాన్యన్ దగ్గర నిలబెట్టిన ట్రెయిలర్‌లో రెండు రాత్రులు. నాన్నకు మధ్య వరుసలో కుడివైపు సీటు, దిగడానికి సులువుగా ఉంటుందని. గంటన్నరకోసారి ఆగే చోట్లు వరసగా కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, నిన్న వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న "ఇన్నిసార్లు ఆపుతావా" అన్నారు, ఆపుతాను నాన్నా అని చెప్పాను.