ఓమ్నీకి క్లచ్ సెట్ కొంటున్నారా? డబ్బా చూసి నాలా మోసపోకండి

మారుతి ఓమ్నీ వ్యానుకి ఇంటి దగ్గరే క్లచ్ మార్చుకుందామనుకునేవాళ్లు, ముఖ్యంగా నాలాగ వెనక సీట్లు తీసి పడక పెట్టుకుని ఊళ్లు తిరిగేవాళ్లు, సామాను కొనకముందే ఇది చదవండి. నాకు రెండుసార్లు గేర్‌బాక్స్ దించాల్సి వచ్చింది. రెండోసారి పూర్తిగా అనవసరం.

నా బండి 2007 మోడల్. ప్లైవుడ్ పడక, కింద నీళ్ల క్యాన్లు, చిన్న స్టవ్వు. (పడక విప్పి తీసేసే రకమే. బండి బాడీకే మార్పులు చేస్తే ఆర్టీఓ అనుమతి కావాలి, అది వేరే కథ.) 796 సీసీ ఇంజిన్ మీద ఈ బరువంతా వేసి ఘాట్లు ఎక్కిస్తే ముందు అరిగేది క్లచ్చే. ఓమ్నీ తయారీ 2019లో ఆగిపోయింది కానీ రోడ్ల మీద ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. డూప్లికేటు సామాను చేసేవాళ్లకి అదే పండగ.

పాత క్లచ్ జారుతోందని విశాఖలో ఒక స్పేర్స్ షాపుకి వెళ్లాను. నేను ఎప్పుడూ కొనే షాపు కాదు, తగ్గించి ఇస్తాడని ఎవరో చెబితే వెళ్లాను. క్లచ్ ప్లేటు, ప్రెజర్ ప్లేటు, బేరింగ్ మూడూ ఒకే డబ్బాలో, పైన పేరున్న కంపెనీ ముద్ర, మెరిసే స్టిక్కర్. రేటు మామూలు కంటే వెయ్యి రూపాయలు తక్కువ. "బిల్లు కావాలంటే జీఎస్టీ పడుద్ది సార్, అనవసరంగా ఎందుకు?" అన్నాడు. అప్పట్లో పన్ను 28 శాతం. నాకూ ఆశ పుట్టింది. తెల్ల చీటీ మీద "ఎస్టిమేట్" అని రాసి, అంకె వేసి ఇచ్చాడు. దాని మీద షాపు పేరు కూడా లేదన్న సంగతి ఇంటికి వచ్చాక కూడా నేను గమనించలేదు.

పని మాత్రం శ్రద్ధగానే చేశాను. ఓమ్నీలో ఇంజిన్ ముందు సీట్ల కింద ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్స్, అక్కణ్ణుంచి ప్రొపెల్లర్ షాఫ్ట్ వెనక చక్రాలకి పోతుంది. కాబట్టి ఇంజిన్ కదపక్కర్లేదు, గేర్‌బాక్స్ కిందికి దించితే చాలు. మొదటిసారి చేసేవాళ్లకి రెండు మాటలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసేశాక బండిని గేర్లో ఉంచినా లాభం లేదు, గేరుకి చక్రాలతో సంబంధం ఉండదు. నాలుగు చక్రాలకీ అడ్డు చెక్కలు పెట్టండి. జాకీ మీద ఉన్న బండి కిందికి దూరకండి, స్టాండ్లు వేయండి, సిమెంటు ఇటుకల్ని అస్సలు నమ్మొద్దు. షాఫ్ట్ లాగిన చోట గేర్ ఆయిల్ కారుతుంది, ముందే వంపేయండి. నేను వంపకుండా లాగి మా ఆవిడ ముగ్గు వేసే చోటంతా పాడుచేశాను.

కొత్త సెట్ వేసి, కేబుల్ ఫ్రీ ప్లే (పెడల్ తొక్కగానే మొదట ఉండే కాస్త వదులు) సరిచేసి నడిపితే మొదటి రెండు వందల కిలోమీటర్లు వెన్నలాగ ఉంది. ఆ తరవాత రివర్స్‌లో వణుకు మొదలైంది. కొత్త ప్లేటు కదా, కూర్చుంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

అసలు బాగోతం అరకు దారిలో బయటపడింది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే కాలిన వాసన. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం కదలడం లేదు. వెనక పడక మీద ఇద్దరు పిల్లలు, పక్కన లోయ. వెనక్కి తిప్పేశాను. దిగేటప్పుడు ఇంకో భయం: క్లచ్ జారుతుంటే చిన్న గేర్లో పెట్టినా ఇంజిన్ బండిని పట్టి ఆపదు, భారమంతా బ్రేకుల మీదే. ప్రతి రెండు మలుపులకీ ఆగి, బ్రేకులు చల్లారాక కదిలి, ఎలాగో శృంగవరపుకోటకి చేరాం. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

అక్కడి షెడ్డులో పెద్దాయన గేర్‌బాక్స్ దించి ప్లేటు చేతిలో పెట్టాడు. "ఏటి బాబూ, ఇది క్లచ్ ప్లేటా, అప్పడమా?" అన్నాడు. తొమ్మిది వందల కిలోమీటర్లకే లైనింగ్, అంటే ప్లేటు మీది రాపిడి పొర, రివెట్ల దాకా అరిగిపోయింది. ఆ రివెట్లు ఇంజిన్ వెనక ఉండే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌ని గీకి చారలు పెట్టాయి. ప్రెజర్ ప్లేటు మధ్యలో స్ప్రింగు వేళ్లు ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. వణుకు ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పుడు తెలిసింది. ఫ్లైవీల్‌ని లేత్ మీద సాపు చేయించడం, కొత్త సెట్, పెద్దాయన కూలి, అక్కడి లాడ్జి ఖర్చు అన్నీ కలిపితే, నేను మిగిల్చిన వెయ్యికి పదింతలు దాటింది.

ప్లేటు పట్టుకుని షాపుకి వెళ్లాను. "ఎక్కడ ఫిట్ చేయించారు?" అన్నాడు. ఇంట్లో నేనే వేశానని చెప్పగానే మొహంలో వెలుగు. "అదే సార్, ఫిట్టింగ్ ఫాల్టు." మనలాంటివాళ్లం ఇక్కడే దొరికిపోతాం. మెకానిక్ వేస్తే కనీసం ఆయన ఒక సాక్షి. నా దగ్గర ఫిట్టింగ్ ఫోటో ఒక్కటి కూడా లేదు. చివరికి వాడు చేసిన ఉపకారం ఏమిటంటే, అలాంటి డబ్బాయే ఇంకొకటి సగం రేటుకి ఇస్తానన్నాడు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్లో కేసు కూడా వేయొచ్చు, 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు. కానీ షాపు పేరు లేని చీటీతో ఎవరి మీద వేయను? 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ సామాను మీద పన్ను 18 శాతానికి తగ్గింది. ఇంకా బిల్లు వద్దనుకునేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు.

కౌంటర్ దగ్గరే డబ్బా విప్పండి, షాపువాడు విసుక్కున్నా సరే. కంపెనీ పేరూ నంబరూ డబ్బా మీద కాదు, లోపలి ఇనుము మీద కొట్టి ఉండాలి. నా ప్లేటు మీద ఉత్త స్టిక్కరే. ప్రెజర్ ప్లేటుని అద్దం మీద వేళ్లు పైకి ఉండేలా పెట్టి, కంటి ఎత్తులో చూడండి, వేళ్ల కొసలన్నీ ఒకే వరసలో ఉండాలి. అన్నిటికంటే తేలికైన పరీక్ష నాకు ఆలస్యంగా తట్టింది: మొదట విప్పిన పాత సెట్ ప్రెజర్ ప్లేటునీ, ఈ కాలిపోయిన సెట్ ప్రెజర్ ప్లేటునీ వంటింటి కాటా మీద తూచాను. అరగని ఇనుములోనే తేడా చేతికి తెలిసేంత ఉంది. పాత సామాను వెంట పట్టుకెళ్లి షాపులోనే పోల్చుకుని ఉంటే ఈ కథే లేదు.

ఇంకొకటి, పాత క్లచ్ దుమ్ముని గాలి కొట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిగుడ్డతో తుడవండి, మాస్కు వేసుకోండి.

కొత్త సెట్ వేసి ఇప్పటికి నాలుగు వేల కిలోమీటర్లు. మొన్న అరకు ఎక్కి వచ్చాం, వణుకు లేదు, వాసన లేదు. కాలిన సెట్ పారేయలేదు, పడక కిందే ఉంది. విశాఖ చుట్టుపక్కల ఎవరైనా కొత్తది కొనబోతుంటే చెప్పండి, పక్కన పెట్టి పోల్చుకోవడానికి తెస్తాను.