నెదర్లాండ్స్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి సైకిల్: నెలవారీ అద్దెదా, సెకండ్ హ్యాండా, ఈ-బైకా... ఏది మేలు?

ఆగస్టు చివర్లో డెల్ఫ్ట్‌కో ఐంద్‌హోవన్‌కో మాస్టర్స్ చదవడానికి దిగే మన పిల్లలైనా, ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఇల్లు తీసుకుని ఉద్యోగంలో చేరేవాళ్ళైనా, గది కుదిరిందనగానే అడిగేది సైకిల్ గురించే. అడగాల్సిందే కూడా. ఇక్కడ మనుషులకన్నా సైకిళ్ళే ఎక్కువ, రెండు కోట్లకు పైనే ఉంటాయి, మీరు వెళ్ళాల్సిన చోటికల్లా ఎర్ర తారు వేసిన సైకిల్ దారి ఉంటుంది. అయితే చాలామంది ఎంతకి వస్తుందన్నది ఒక్కటే చూసి తేల్చేస్తారు. ఇక్కడ అసలు ఖర్చు సైకిల్‌ది కాదు, రిపేరుదీ దొంగతనానిదీ. మన ఊళ్ళో ప్రతి సెంటర్‌లో ఒక పంక్చర్ షాపు ఉంటుంది, పక్కన నిలబడి టీ తాగేలోపు అతుకు వేసి గాలి కొట్టి ఇచ్చేస్తాడు. ఇక్కడ వెనక చక్రం పంక్చర్ అయితే 20 యూరోలు అటూఇటూగా వదులుతుంది, చాలా షాపుల్లో సాయంత్రం రమ్మంటారు, సెప్టెంబర్ రద్దీలో అయితే రెండు రోజులాగమంటారు.

అందుకే వచ్చిన కొత్తలో నా ఓటు నెలవారీ అద్దె సైకిల్‌కే. ముందు టైరు నీలంగా ఉన్న సైకిళ్ళు ఊరంతా కనిపిస్తాయి చూడండి, అవి స్వాప్‌ఫీట్స్ అనే అద్దె సైకిళ్ళ కంపెనీవి, అది 2014లో డెల్ఫ్ట్‌లోనే మొదలైంది. మామూలు సైకిల్‌కి నెలకు సుమారు 20 యూరోలు. చెడిపోతే వాళ్ళే బాగుచేస్తారు, లేదంటే వేరేది ఇస్తారు. పోయిందనుకోండి, రెండు తాళాలూ వేశానని తాళంచెవులు చూపిస్తే ఒక నిర్ణీత మొత్తం కట్టించుకుని ఇంకో సైకిల్ ఇస్తారు. ఏ వీధిలో సైకిల్ పోతుందో, ఏ స్టాండులో పెట్టాలో తెలియని మొదటి నెలల్లో ఈ నిశ్చింతకి ఆ డబ్బు పెట్టొచ్చు. కానీ రెండేళ్ళు అలాగే కడుతూ పోతే 480 యూరోలు అవుతుంది, చివరికి చేతిలో సైకిల్ కూడా ఉండదు. కాబట్టి ఏడాది లోపు ఉండేవాళ్ళకి అద్దె, అంతకన్నా ఎక్కువ ఉండేవాళ్ళకి మొదటి చలికాలం వరకు అద్దె, ఆ తర్వాత సొంతం. నెలనెలా ఆపేసుకునే వీలున్న ప్లానే తీసుకోండి, రెండు మూడు యూరోలు ఎక్కువైనా సరే.

సెకండ్ హ్యాండ్ అయితే ఎక్కడ కొంటున్నామన్నదే ముఖ్యం. పాత సామాన్లు అమ్ముకునే మార్క్ట్‌ప్లాట్స్ సైటులో 60 యూరోలకీ దొరుకుతాయి, షాపులో కాస్త నికరమైనది 150 నుంచి 250 దాకా ఉంటుంది. నేనైతే షాపులోనే కొనమంటాను, చాలా షాపులు కొన్ని నెలల గ్యారంటీ ఇస్తాయి, బిల్లు మీద ఫ్రేమ్ నంబర్ ఉంటుంది. రోడ్డు మీద ఎవరో వచ్చి 30 యూరోలకి ఇస్తానంటే అది దొంగ సైకిలే అనుకోండి. తెలిసి కొన్నా, తెలుసుకోవాల్సింది తెలుసుకోకుండా కొన్నా ఇక్కడ నేరమే, వీసా మీద ఉన్నవాళ్ళకి ఆ టెన్షన్ అస్సలు వద్దు. పోలీసుల స్టాప్‌హేలింగ్ సైటులో ఫ్రేమ్ నంబర్ కొట్టి చూస్తే దొంగతనం ఫిర్యాదు ఉందో లేదో తెలుస్తుంది. ధరకి తోడు మంచి గొలుసు తాళానికి 40, 50 యూరోలు కలుపుకోండి. వెనక చక్రానికుండే రింగు తాళం ఒక్కటే వేస్తే సైకిల్‌ని ఎత్తి తీసుకుపోతారు, అందుకే గొలుసుని ఫ్రేమ్‌లోంచి తీసి స్టాండు కడ్డీకి కట్టాలి.

కొనేముందు ఎక్కి చూడాల్సినవి రెండు. డచ్చివాళ్ళు పొడగరులు, వాళ్ళ సైజు ఫ్రేమ్ మీద మనలో చాలామందికి కాళ్ళు నేలకి అందవు, అడ్డకడ్డీ లేని సైకిల్ మగవాళ్ళూ ఇక్కడ హాయిగా తొక్కుతారు, మొహమాటపడకుండా అది తీసుకోండి. రెండోది బ్రేకు. చవక సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగాక పెడల్‌ని వెనక్కి తిప్పి పైకి తెచ్చుకోవడం కుదరదు, ముందుకే తోసుకోవాలి, మొదటి వారం అందరూ అక్కడే తడబడతారు. కానీ అలవాటైతే ఆ బ్రేకే మేలు. మలుపు దగ్గర చెయ్యి చాపి చూపించాలి కదా, ఒక చేతిలో హ్యాండిల్ ఉన్నా కాలితో వేగం తగ్గించుకోవచ్చు. చుడీదార్ వేసుకునేవాళ్ళు చైన్ మొత్తం మూసి ఉండే కవరూ, వెనక చక్రానికి రెండు వైపులా బట్ట పడకుండా ఉండే అడ్డూ ఉన్నదే కొనండి, చున్నీ చుట్టుకుంటే ఏమవుతుందో మన దగ్గర చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రైల్లో ఆఫీసుకెళ్ళేవాళ్ళ లెక్క వేరు. స్టేషన్లలో ఇక్కడి రైలు కంపెనీ ఎన్‌ఎస్ వాళ్ళ నీలం పసుపు అద్దె సైకిళ్ళు, ఓవీ-ఫీట్స్, ఉంటాయి, 24 గంటలకి నాలుగున్నర యూరోల పైన, మీ పేరు మీదున్న రైలు కార్డుకి ఈ సౌకర్యం ముందే జతచేసుకోవాలి. తీసుకున్న స్టేషన్‌లోనే అప్పగించాలి, వేరే చోట వదిలితే అదనంగా కట్టాలి. వారానికి ఒకటి రెండు రోజులు ఆఫీసుకెళ్ళేవాళ్ళకి దీన్ని మించింది లేదు. రోజూ వెళ్ళేవాళ్ళకి నెలకి 90 దాటుతుంది, అంతకన్నా ఇక్కడివాళ్ళు చేసేదే నయం: ఒక పాత సైకిల్ కొని దిగే స్టేషన్ దగ్గరే ఉంచుకుంటారు. ఊట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్ళు పట్టే పార్కింగ్‌లో మొదటి 24 గంటలు ఉచితం, ఆ తర్వాత మాత్రం రోజుకింత కట్టాలి. సొంత సైకిల్‌ని రైలెక్కించుకుందామంటే పనిదినాల్లో ఉదయం, సాయంత్రం రద్దీవేళల్లో ఎక్కనివ్వరు, మిగతా వేళల్లో దానికి విడిగా టికెట్ కొనాలి. మడత సైకిల్‌కి ఆ బాధ లేదు.

ఈ-బైక్ అంటే బ్యాటరీ మోటారు సాయంతో తొక్కే సైకిల్ గురించి చాలామంది ఉత్సాహపడతారు, ఇక్కడ కొత్తగా అమ్ముడయ్యే సైకిళ్ళలో దాదాపు సగం అవే. కొండలు లేవు కదా మోటారెందుకు అనుకోకండి, నవంబర్‌లో ఎదురుగాలి కొడితే ఎనిమిది కిలోమీటర్లు పదహారులా అనిపిస్తాయి. అయినా ఆఫీసు ఎనిమిది, పది కిలోమీటర్ల లోపుంటే మామూలుదే చాలు, చలికాలం తట్టుకోగలరో లేదో చూశాకే ఈ-బైక్ జోలికి వెళ్ళండి. కొనాలనుకున్నప్పుడు కూడా ముందు కంపెనీ హెచ్‌ఆర్‌ని సైకిల్ లీజ్, అంటే కంపెనీ ద్వారా సైకిల్ తీసుకుని వాడుకునే పద్ధతి, ఉందా అని అడగండి. 2020 నుంచి అలాంటి సైకిల్ ధరలో ఏడు శాతాన్ని మాత్రమే ఏటా మీ ఆదాయానికి కలిపి పన్ను వేస్తున్నారు, బీమా, రిపేరు చాలావరకు లీజులోనే వచ్చేస్తాయి. సొంత డబ్బుతో కొంటే బీమా విడిగా చేయించాల్సిందే, దొంగల కళ్ళు ముందు పడేది వీటి మీదే.

ఏది తీసుకున్నా లైట్లు ముందు తెల్లది, వెనక ఎర్రది ఉండాలి, ఫోన్ చేత్తో పట్టుకుని తొక్కితే జరిమానా వంద యూరోలు దాటుతుంది. మనకి ఎడమవైపు నడిపే అలవాటు కాబట్టి మొదట్లో ఒక ఆదివారం పొద్దున, దారి ఖాళీగా ఉన్నప్పుడు ఇంటి నుంచి కాలేజీకో ఆఫీసుకో ఒకసారి వెళ్ళి రండి, నేల మీద తెల్ల త్రికోణాల మొన మీవైపుంటే మీరే దారివ్వాలి.